ఒంటిచేత్తో తోసే మెషిను

జూలై 5, శనివారం

పనులు పదమూడు. అయినవి పన్నెండు. నీళ్ళు పట్టడం, వంట రెండు పూటలు, గిన్నెలు మూడుసార్లు, బట్టలు ఉతకడం, ఆరవేయడం, మడతలు, ఇల్లు తుడవడం, మెట్లు కడగడం, ఆయన మాత్రలు వారానికి సరిపడా డబ్బాలో సర్దడం.

కానిది గడ్డి.

నిజానికి అది నా పని కాదు, నా లెక్కలో ఉండకూడదు. ఇరవై రెండేళ్ళుగా ఇంటి ముందు గడ్డి కోసేది ఆయనే. సర్వే ఆఫీసులో నేలలు కొలిచే మనిషి. వరస వంకర పోతే వెనక్కి వెళ్ళి మళ్ళీ కోస్తారు. ఫిబ్రవరిలో పక్షవాతం వచ్చి, పోయింది. మాట వచ్చింది, నడక వచ్చింది, ఎడమ చెయ్యి మాత్రం అలిగి కూర్చుంది. చేతికి పని చెప్పమన్నాడు డాక్టరు. ఈయన దాన్ని జేబులో పెట్టుకుని వరండాలో కూర్చుంటున్నారు. గేటు దాటరు. డాక్టరుకి మళ్ళీ చూపిద్దామంటే రారు.

అలాంటిది ఈ రోజు పొద్దున తనంతట తానే షెడ్డులోంచి పెట్రోలు మెషిను బయటికి లాగారు. వంటింటి కిటికీలోంచి చూస్తూ పాలు పొంగనిచ్చాను. ఎడమ చేత్తో పిడి దగ్గరి కమ్మీ నొక్కి పట్టి, కుడి చేత్తో తాడు లాగాలి. కమ్మీ జారిపోతోంది. ఐదుసార్లు లాగారు. లోపలికి వచ్చి, "కార్బురేటర్ పోయింది," అన్నారు.

"పాతదైపోయిందండీ," అన్నాను.

జూలై 7, సోమవారం

పనులు పదమూడు. అయినవి పన్నెండు.

పనిముట్ల దుకాణం అతను నిన్న మెషిన్ని బండిలో వేసుకెళ్ళాడు. ఈ రోజు ఫోను.

"అమ్మా, దీనికేం రోగం లేదు. ఒక్క లాగుడికే అంటుకుంది. తెచ్చి దింపేయనా?"

"వద్దు. మీ దగ్గరే ఉండనివ్వండి. పాడైందనే అనుకోండి."

"ఎవరనుకోవాలమ్మా, నేనా, మీరా?"

ఫోను పెట్టేశాను. మర్యాద కాదు, తెలుసు.

కొత్తది కొనాలి. మెషిను పాతది, అందుకే కొత్తది. చెయ్యి సంగతి ఇందులో లేదు. కాకపోతే ఒంటిచేత్తో తోయగలిగేది అయితే మేలు. దాన్ని అందుకోసమే ఎంచుకున్నానని ఆయనకు తెలియకపోతే మరీ మేలు. ఎవరినో పిలిచి గడ్డి కోయించడం ఐదు నిమిషాల పని. కానీ పరాయి మనిషి వచ్చి ఈ గడ్డి కోసిపోతే ఈయన ఇక ఆ కుర్చీలోంచి లేవరు. ఎందుకో అలా అనిపిస్తోంది. ఎందుకో ఏమిటి, ఇరవై ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాను కదా.

టేపుతో కొలిచాను. తొమ్మిది మీటర్లు, ఆరున్నర మీటర్లు. యాభై ఎనిమిదిన్నర చదరపు మీటర్లు. ఒక మూల రెండు పూలపాదులు. వాలు లేదు.

జూలై 8, మంగళవారం

దుకాణంలో రెండు గంటలు. ఇంటికి వచ్చేసరికి తల తిరిగింది.

పెట్రోలుది బలం. ఇంత చిన్న గడ్డికి అంత బలం దండగ, పైగా తాడు. కరెంటు తీగది చవక, తేలిక. కానీ తీగని ఎప్పుడూ ఒక చేత్తో పక్కకి తప్పిస్తూ ఉండాలి. బ్యాటరీది చప్పుడు చేయదు. చేత్తో తోసేది ఒకటుంది, రెండు చక్రాల మధ్య కత్తులు చుట్టలా తిరుగుతాయి, అంతే. ఎనిమిది కిలోలు. ఇంజను లేదు, బొత్తాము లేదు. బొమ్మలా ఉంది.

"తోసేదెవరమ్మా?" అని అడిగాడు దుకాణం అతను.

"నేనే."

నోట్లోంచి అలా వచ్చేసింది.

"అయితే తోసి చూడండి."

ఎడమ చెయ్యి సంచి పట్టీలో దూర్చి, కుడి చేత్తోనే తోశాను. అతను నా చేతి వంక చూశాడు. నేను సిమెంటు గచ్చు వంక చూశాను. మూడోసారి తోస్తుంటే గుమ్మంలో మా పక్కింటి టైలరమ్మ. కత్తెర పదును పెట్టించుకోవడానికి వచ్చిందట.

"అయ్యో అక్కా, ఆ చేతికేమైంది?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఒంటిచేత్తో ఎందుకు తోస్తున్నావు?"

"ఊరికే. కొంచెం… లాగినట్టుంటే."

ఎందుకలా అన్నానో!

జూలై 9, బుధవారం

బ్యాటరీదా, చేత్తో తోసేదా. తేలలేదు.

జూలై 11, శుక్రవారం

పనులు పదమూడు. అయినవి పన్నెండు. నేను చేసినవి పదకొండు.

మూడుసార్లు లెక్క చూశాను. పొద్దున టిఫిను గిన్నెలు నేను కడగలేదు. ఆయన కడిగారు. నిన్న కూడా. నిన్న ఏదో మూడ్‌లో ఉన్నారనుకున్నాను. ఒక పళ్ళెం పగిలింది. ముక్కలు కాగితంలో చుట్టి చెత్తబుట్టలో అడుగుకి తోసేశారు, నాకు కనబడదన్నట్టు.

"ఏంటండీ ఇది?"

"గిన్నెలు. ఎప్పుడూ చూళ్ళేదా?"

పెళ్ళయ్యాక ఈయన గిన్నె కడగడం ఇదే మొదలు.

జూలై 12, శనివారం

వదిన ఫోను చేసింది. ఆయన అక్కగారు. మామూలుగా తమ్ముడి గురించి అడిగి పెట్టేస్తుంది. ఈ రోజు తమ్ముడి ఊసే లేదు.

"నువ్వెలా ఉన్నావమ్మా? తిమ్మిర్లు గట్రా ఉన్నాయా?"

"నాకెందుకు వదినా తిమ్మిర్లు?"

"అబ్బే, ఊరికే. వయసు కదా. వాడు సాయం చేస్తున్నాడా?"

"చేస్తున్నారు. అదే అర్థం కావట్లేదు."

"చేయనీ, చేయనీ. నోరు మూసుకుని చేయించుకో," అని నవ్వింది. ఆ నవ్వు నవ్వులా లేదు.

జూలై 13, ఆదివారం

పనులు పదమూడు. నావి తొమ్మిది.

తడిబట్టల బకెట్టు ఆయన మోశారు. తీగ మీద ఆయనే ఆరవేశారు. కుడి చేత్తో చొక్కా ఎత్తి పట్టి, ఎడమ చేత్తో క్లిప్పు. క్లిప్పు నోరు తెరవడానికి వేళ్ళు చాలలేదు. జారిపడింది. వంగి తీశారు. మళ్ళీ జారింది. మళ్ళీ తీశారు. ఏడు బట్టలకి ముప్పావుగంట. నేను వెళ్ళబోతే, "నువ్వు కూర్చో," అని కసిరారు.

ఏదో దాస్తున్నారు. డాక్టరు నాకు చెప్పకుండా ఈయనకేమైనా చెప్పాడా? ఆఫీసు నుంచి ఉత్తరమేమైనా వచ్చిందా? బీరువా వెతికాను. ఏమీ లేదు.

ఇంట్లో నాకు తెలియనిది ఏదో జరుగుతోంది. నా ఇంట్లో.

జూలై 14, సోమవారం

తెలిసింది.

టైలరమ్మ పరదాలు ఇవ్వడానికి వచ్చి, నన్ను కూర్చోబెట్టి, నా ఎడమ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. "అన్నయ్యగారితో నేనే చెప్పానక్కా. తప్పయితే తిట్టు. బుధవారం వరండాలో కూర్చుని ఉంటే, 'ఆవిడ చేత్తో ఏ పనీ చేయనీయకండి, దుకాణంలో నా కళ్ళతో చూశాను' అన్నాను. మనిషి తెల్లబోయారు పాపం."

అంటే నా చెయ్యి పడిపోయిందని గిన్నెలు. నా చెయ్యి పడిపోయిందని బకెట్టు.

నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు.

వెంటనే వెళ్ళి చెప్పేయాలి. వరండా దాకా వెళ్ళాను కూడా. ఆయన ఎడమ చేత్తో ఒక బట్టల క్లిప్పు తెరుస్తూ, మూస్తూ కూర్చున్నారు. అభ్యాసం చేస్తున్నారు. ఐదు నెలలు డాక్టరు చెప్పినా, నేను చెప్పినా, వదిన ఏడ్చినా జేబులోంచి రాని చెయ్యి అది.

కాఫీ కావాలా అని అడిగి వచ్చేశాను.

నేను అబద్ధం చెప్పలేదు. కాదని చెప్పలేదు, అంతే. రెండూ ఒకటి కాదు.

జూలై 16, బుధవారం

మందుల దుకాణంలో సాగే పట్టీ కొన్నాను. మణికట్టుకి చుట్టుకుంటే కాస్త వెచ్చగా ఉంటుందని.

జూలై 17, గురువారం

స్నానం చేసి వచ్చి పట్టీ చుట్టుకుని అన్నం వడ్డిస్తున్నాను. ఆయన నా చేతి వంకే చూస్తున్నారు. అప్పుడు గమనించాను, కుడి చేతికి చుట్టుకున్నాను.

"అది కూడానా?" అన్నారు.

"కాదండీ, తడి ఆరాలని ఇటు…" ఏదో అన్నాను. ఆయన సగం అన్నం వదిలేశారు.

జూలై 19, శనివారం

ఆయన గేటు దాటారు.

ఫిబ్రవరి తర్వాత ఇదే మొదటిసారి కాబట్టి దీనికి ఒక వరస కేటాయిస్తున్నాను. ఎక్కడికని అడిగితే, "పనుంది," అన్నారు. గంటన్నర. నేను కిటికీకి, గేటుకి మధ్య తిరుగుతూ రెండు పనులు మర్చిపోయాను.

వచ్చి బల్ల మీద కాగితం పరిచారు. గళ్ళు గీసి, మెషిన్లన్నీ రాసుకొచ్చారు.

"నువ్వు మెషిను చూడ్డానికి వెళ్ళావటగా. నాకు చెప్పలేదేం?"

"చెబుదామనే…"

"నా బదులు నువ్వు కోద్దామనా? ఆ చేత్తో?" నేను పట్టీ కొంగు కింద దాచాను. ఆయనే అందుకున్నారు. "సరే, విను. బ్యాటరీది నీకు పనికిరాదు. ఒక చేత్తో బొత్తాము నొక్కి పట్టుకుని రెండో చేత్తో మీట లాగితే గానీ కదలదు. రెండు చేతులూ ఉండాలి. చేత్తో తోసేదే నీకు సరైంది. స్టార్టు చేసే గొడవ లేదు. పన్నెండు అంగుళాల వెడల్పు చాలు, పద్నాలుగుది మలుపులో పాదుల్లోకి పోతుంది. పిడి ఎత్తు నీ నడుము దగ్గరికి దింపించొచ్చు. నేనే తోసి చూశాను."

"మీరా? ఎలా?"

"ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని," అన్నారు, అదేదో కొత్తగా కనిపెట్టిన ఉపాయమైనట్టు.

సాయంత్రం దుకాణం అతను ఫోను. "అమ్మా, మీ ఇంట్లో అందరూ ఒంటిచేత్తోనే తోస్తారేంటి?"

పది రోజులు తల బద్దలుకొట్టుకున్నాను. బొత్తాము, మీట సంగతి నాకు తట్టనే లేదు. ఆయనకు సరిపడే మెషిను నేను ఎంచలేకపోయాను. నాకు సరిపడేది ఆయన ఎంచారు. రెండూ ఒకటే మెషిను. ఇది మంచికో చెడుకో తెలియట్లేదు.

జూలై 20, ఆదివారం

ఒక చిక్కు. గడ్డి నాలుగు అంగుళాలు దాటింది. ఆ మెషిను పొట్టి గడ్డినే కోస్తుంది, పొడుగు గడ్డిని వంచి పోతుందట. ముందు ఎవరైనా కోసి పొట్టి చేయాలి.

"ఎవరినైనా పిలుద్దామా?" అన్నాను. అని నాలుక కరుచుకున్నాను.

ఆయన షెడ్డులోంచి కొడవలి, చిన్న పీట తెచ్చుకున్నారు.

జూలై 24, గురువారం

నాలుగు రోజులుగా కొడవలి. పొద్దున గంట, సాయంత్రం గంట. కుడి చేత్తో కొడవలి. గడ్డి పిడికిట పట్టాల్సింది ఎడమ చెయ్యే. మొదటి రోజు నాలుగు పోచలు. ఈ రోజు గుప్పెడు. నేను వరండాలో కూర్చుని చూస్తున్నాను, పట్టీ కట్టుకుని, మహారాణిలా.

జూలై 26, శనివారం

నెల లెక్కలు చూస్తుంటే ఒక పక్కగా ఒక గడి కనబడింది. నేనే గీసి ఉంటాను. ఆయన చేసిన నా పనులు: ముప్పై ఎనిమిది.

ఉప్పు అప్పు తెచ్చినా మర్నాడే తిరిగిచ్చే దాన్ని. ఇదెలా తీర్చాలో తెలియట్లేదు. దీన్ని అప్పు అనాలో, మందు అనాలో అదీ తెలియట్లేదు.

జూలై 28, సోమవారం

పనులు పదమూడు. ఎన్ని చేశానో రాయబుద్ధి కావట్లేదు.

మధ్యాహ్నం ఆయన బల్ల దగ్గర ఏదో రాసుకుంటున్నారు. వెనక నుంచి చూశాను. నా గురించి. ఎనిమిదో తారీఖు, లాగినట్టు. పదిహేడు, రెండో చెయ్యి కూడా. పక్కనే ఇంకో వరస. జనవరి ఇరవై, వేళ్ళు మొద్దు. జనవరి ఇరవై ఆరు, గ్లాసు జారింది.

"ఇదేంటండీ? జనవరి ఏంటి?"

"నాది. పక్షవాతానికి ముందు రెండు వారాలు ఇలాగే ఉండింది. నీకు చెప్పలేదు. పెద్ద సంగతి కాదనుకున్నా." కాగితం బోర్లించారు. "నువ్వూ అలాగే చేస్తున్నావు. పట్టీ చుట్టుకుని ఏం లేదంటున్నావు. గురువారం డాక్టరు దగ్గర టైము తీసుకున్నా. ఇద్దరికీ. నువ్వు చూపించుకుంటే నేనూ చూపించుకుంటా."

వారం రోజులుగా ఆయన సరిగా తినడం లేదు. చేతికి బలం వస్తోందని నేను సంబరపడుతున్నాను. ఆ మనిషి భయంతో కరిగిపోతున్నారు, నాకేదో అవుతుందని.

చెప్పాలి. రేపు.

జూలై 29, మంగళవారం

చెప్పలేదు.

జూలై 30, బుధవారం

చెప్పలేదు. చెబితే గురువారం రారేమో. రావడం ముఖ్యం కదా. అందుకే. అందుకొక్కటే.

జూలై 31, గురువారం

డాక్టరు గది బయట పొడుగు బెంచీ. మా ముందు ఇద్దరు. ఆయన నా ఎడమ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకున్నారు, తన ఎడమ చేత్తో పట్టుకుని. పట్టు గట్టిగానే ఉంది. అది చూసి ఇక ఆగలేకపోయాను.

"నా చేతికేం లేదండీ."

"అలాగే అనిపిస్తుంది."

"అనిపించడం కాదు. ఏం లేదు. మీ కోసం మెషిను చూస్తూ, ఒంటిచేత్తో తోస్తే ఎలా ఉంటుందోనని సంచి పట్టీలో దూర్చాను. ఆవిడ చూసి అలా అనుకుంది. మీరు గిన్నెలు కడగడం మొదలుపెట్టారు. నేను ఊరుకున్నాను."

"పట్టీ?"

"నేనే కొన్నాను."

నా చెయ్యి వదిలేశారు. బెంచీ మీద అలాగే పడి ఉంది అది, నిజంగానే పడిపోయినట్టు.

డాక్టరు గది తలుపు వంక చూస్తూ అన్నారు. "పాత మెషినుకి ఏమీ కాలేదని దుకాణంలో చెప్పాడు. కార్బురేటర్ కాదని నీకు మొదట్నించీ తెలుసు."

"తెలుసు."

"నాకూ తెలుసు," అన్నారు.

పేర్లు పిలిచారు. నేను లేవబోతే, "నీకెందుకు? నీకేం లేదుగా," అని ఒక్కరే లోపలికి వెళ్ళారు.

నేను బయట గోడ మీది బొమ్మలన్నీ చదివాను, రెండుసార్లు. ఆయన బయటికి వచ్చాక డాక్టరే గుమ్మం దాకా వచ్చి నాతో అన్నాడు, "పట్టు బాగా పెరిగిందమ్మా. ఏం వ్యాయామం చేస్తున్నారని అడిగితే 'అంట్లు' అంటున్నారు. ఆపనీయకండి."

ఇంటికొచ్చేదాకా ఆయన నాలుగడుగులు ముందే నడిచారు.

ఆగస్టు 1, శుక్రవారం

పనులు పదమూడు. నావి పన్నెండు. కొత్త మెషిను వచ్చింది. అట్టపెట్టె విప్పలేదు. ఆయన వరండాలో, చెయ్యి జేబులో.

ఆగస్టు 2, శనివారం

పనులు పదమూడు. నావి పన్నెండు. గడ్డి మళ్ళీ రెండు అంగుళాలకు వచ్చింది. ఇంకో వారం పోతే ఆ మెషిను కూడా పనికిరాదు.

నేను చేసింది తప్పా? తప్పే. చేయకపోతే? చెయ్యి జేబులోనే ఉండేది. ఇప్పుడు కూడా జేబులోనే ఉంది. అయితే ఏం సాధించినట్టు? రాసిన కొద్దీ తికమక.

ఆగస్టు 3, ఆదివారం

పొద్దున లేచేసరికి మెషిను బిగించి ఉంది. గడ్డి అంచున. పక్కన కుర్చీ వేసుకుని ఆయన.

"నువ్వు నాకు యాభై మూడు పనులు బాకీ," అన్నారు. మూడు రోజుల తర్వాత మొదటి మాట.

ఆయనా లెక్కపెట్టారు!

"నలభై తొమ్మిది," అన్నాను.

"కొడవలి పని నాలుగు రోజులు కలపలేదు నువ్వు."

"అది నా పని కాదు."

"మరెవరిది? నీ మెషిను కోసమేగా కోశా. యాభై మూడు. ఇప్పట్నించి ఈ గడ్డి నువ్వే కోస్తావు, యాభై మూడుసార్లు. నేను కుర్చీలో కూర్చుంటా. మొదలుపెట్టు. రెండు చేతులతో. ఉన్నాయిగా!"

వారానికోసారి అంటే ఏడాది పైన. సరే అనుకున్నాను. ఈ మాత్రం అనే హక్కు ఆయనకుంది. కొంగు బిగించి తోశాను. కత్తులు గరగరమని తిరిగాయి, గడ్డి ఎగిరి పాదాల మీద పడింది. బాగానే ఉందనుకున్నాను.

"ఎటు పోతున్నావు?"

"ముందుకి."

"ముందుకా అది? గోడ వైపు పోతున్నావు. దూరంగా ఆ గేటు కడ్డీ చూస్తూ నడువు, చక్రాన్ని కాదు."

గేటు కడ్డీ చూస్తూ నడిచాను. పూలపాదు ఎక్కించాను.

"అయ్యో, అయ్యో! ఆపు! వెనక్కి… వెనక్కంటే ఎడమ కాదు!"

రెండో వరస మొదటి వరసని దాటి అవతలికి పోయింది. మధ్యలో పిలకలా గడ్డి మిగిలింది. కావాలని చేయలేదు. ఈ ఒక్కటి మాత్రం నిజంగా చేయలేదు, నాకు నిజంగానే రాదు. మూడో వరసకి ఆయన కుర్చీ అంచుకి వచ్చారు. నాలుగో వరసకి నిలబడ్డారు. అవతల గోడ మీంచి టైలరమ్మ తల పెట్టి, "అన్నయ్యగారూ, అక్క గుండ్రంగా కోస్తోందేంటి, జాకెట్టు మెడా?" అంది.

అంతే, ఆయన గడ్డిలోకి వచ్చేశారు.

"ఇటు ఇయ్యి. పది పనులు కొట్టేస్తా."

నేను పిడి వదల్లేదు. "పదా? ఈ ఎండలోనా?"

"ఇరవై."

"నేను కోస్తానండీ, నా బాకీ."

"ఇరవై ఐదు. గడ్డిని చంపేస్తున్నావు, వదులు!"

"మొత్తం కొట్టేస్తేనే. యాభై మూడూ."

ఆయన నా వంక చూశారు. చాలా కోపంగా. కోపమేనా అది? ఇప్పటికీ చెప్పలేను. కుడి చెయ్యి పిడి మీద వేశారు. తర్వాత జేబులోంచి రెండోది తీసి, ఒక్కొక్క వేలే చుట్టి, పిడి మీద పెట్టారు.

"సరే. పక్కకి జరుగు," అన్నారు.

ఎడమ చెయ్యి రెండుసార్లు జారింది. ఆగి, మళ్ళీ చుట్టుకున్నారు. నా వంకర వరసలన్నీ మళ్ళీ కోశారు. గంటా పది నిమిషాలు. నన్ను క్షమించినట్టా, కాదా? మంచినీళ్ళు ఇస్తే తాగి, గ్లాసు చేతికిచ్చారు. "ఆ పట్టీ ఎక్కడుంది, నాకు మణికట్టు లాగుతోంది," అన్నారు. కట్టాను. తేలిక కట్టు, చేతికి ఆసరాగా.

పనులు పదమూడు. అయినవి పదమూడు.

ఆయనకు నా బాకీ, పనులు యాభై మూడు. చెల్లు.